వెనక గదికి వైఫై ఎలా తెచ్చానంటే

మిర్యాలగూడలో మాది పాత ఇల్లు, మధ్య గోడ రాతిది, అడుగున్నర మందం ఉంటుంది. ముందు గదిలో ఫోన్‌లో 90 ఎంబీపీఎస్ వస్తే వెనక గదిలో 3 కూడా రాదు, మా పాప ఆన్‌లైన్ క్లాసంటే రోజూ టెన్షనే. కనెక్షన్ ఇచ్చిన పిల్లవాడు రౌటర్‌ని ఇనుప బీరువా పక్కన, నేల మీద పెట్టి వెళ్ళాడు. ముందు దాన్ని తీసి ఆరడుగుల ఎత్తున గోడకి కొట్టించాను, కొంచెం మెరుగైంది. ఫోన్‌ని వైఫైలో 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ నుంచి 2.4 బ్యాండ్‌కి మార్చాను, అది గోడలు దాటడంలో నయం కానీ స్పీడ్ తక్కువ.

రిపీటర్ కొందామనుకున్నా, కానీ అది అందుకున్న సిగ్నల్‌నే మళ్ళీ పంపుతుంది కదా, బలహీనమైనది అందుకుంటే పంపేదీ అంతే. అందుకే అటక మీద పడేసిన పాత రౌటర్ దించి, వెనక గదిలో పెట్టి, ముందు గది రౌటర్ నుంచి దాని దాకా స్లాబ్ కింద నుంచి 15 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించాను (ఆ గోడకి రంధ్రం వేయడానికే పూట పట్టింది, మా ఆవిడ తిట్లు అదనం). పాతదాని సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే పని, అది ముందు రౌటర్ చూసుకుంటుంది) ఆపేసి, దానికి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో చిరునామా, 192.168.1.2 ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ (WAN, బయటి ఇంటర్నెట్ వచ్చే) పోర్టులో కాకుండా ల్యాన్ (LAN, ఇంట్లో పరికరాలు కలిపే) పోర్టులో గుచ్చాను. మొదట వ్యాన్‌లో గుచ్చి రెండు గంటలు తల పట్టుకున్నాను లెండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రౌటర్లకీ అవే పెట్టాను, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డు రాకుండా 2.4లో ఛానల్ మాత్రం ఒకదానికి 1, ఇంకోదానికి 11.

ఇప్పుడు వెనక గదిలో 60 దాకా వస్తోంది. డాబా మీద ఇంకా అందట్లేదు.