వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే విశాఖలో కేసు ఎలా వేయాలి? డాక్టరుగారి ఇన్సూరెన్స్ ఎప్పుడు పనికొస్తుంది?

మా మేనమామ బొబ్బిలి నుంచి వచ్చి విశాఖలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు. పుండు మానలేదు, చీము పట్టింది, మరో చోట రెండోసారి కోయాల్సి వచ్చింది. కేసు వేద్దామన్న ఆలోచన మాకు ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. అప్పటికి మా దగ్గర ఉన్నవల్లా మందుల షాపు బిల్లులు, అత్తయ్య బీరువాలో చీరల కింద దాచిన డిశ్చార్జి సమ్మరీ. కేస్ షీట్ అడిగితే "రికార్డు రూములో వెతకాలి, వచ్చేవారం రండి" అన్నారు. ఆ వచ్చేవారం నాలుగు నెలలు నడిచింది.

అందుకే కేసు వేసే ఉద్దేశం ఉన్నా లేకపోయినా, ముందు చేయాల్సిన పని కాగితాలు తెచ్చుకోవడం.

కేస్ షీట్ తీసుకోండి

2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, రోగి గానీ అతని తరఫు వాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరిన రోగుల రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. నోటిమాటగా అడగొద్దు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద ఆస్పత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో (రిజిస్టర్ పోస్టు 2025లో అందులో కలిసిపోయింది) అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఆ రుజువు చేతికి వచ్చిందంటే, తర్వాత వాళ్లు రికార్డు ఇవ్వకపోయినా అదే మీకు సాక్ష్యం.

"రికార్డులు ఇవ్వండి" అని రాసి ఊరుకుంటే డిశ్చార్జి సమ్మరీ జిరాక్స్ చేతిలో పెడతారు. ఏమేం కావాలో పేరుపేరునా రాయాలి: కేస్ షీట్ మొత్తం, నర్సులు గంటగంటకూ రాసే చార్టు, మత్తు డాక్టరు నోట్స్, ఆపరేషన్ నోట్స్, మీరు సంతకం పెట్టిన అంగీకార పత్రం, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, వివరాలతో ఫైనల్ బిల్లు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ విషయం తెలిసేది నర్సుల చార్టులోనే. జ్వరం ఏ రాత్రి మొదలైంది, డాక్టరుకు ఎన్నింటికి ఫోన్ చేశారు, ఆయన ఎన్నింటికి వచ్చారు అన్నీ అందులో ఉంటాయి.

మనిషి చనిపోతే ఇంకో కష్టమైన పని ఉంది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం చేయించాలి. ఇంట్లో వాళ్లకు ఆ మాట వినడమే బాధ. కానీ పోస్టుమార్టం లేకపోతే చావుకు కారణం ఫలానా అని రేపు గట్టిగా చెప్పడం చాలా కష్టమవుతుంది.

ఆస్పత్రి ముందు టెంటు వేసి ధర్నా చేస్తే అర్ధరాత్రికి సెటిల్‌మెంట్ అవుతుందని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. అద్దాలు పగిలినా, సిబ్బంది మీద చెయ్యి పడినా 2008 నాటి రాష్ట్ర చట్టం కింద కేసు మీ మీదికే వస్తుంది. ఆ రాత్రి ఇచ్చే డబ్బుతో పాటు "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం కూడా తీసుకుంటారు. ఆ సంతకం పెట్టాక కోర్టుకు వెళ్తే అవతలి లాయరు మొదట చూపించేది దాన్నే.

అది నిర్లక్ష్యమేనా?

వైద్యం ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. ఆ అర్హత ఉన్న సాధారణ డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకోకపోతేనే నిర్లక్ష్యం. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఇది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే నిర్లక్ష్యం మరీ ఘోరంగా ఉండాలని, ముందు మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని కూడా అదే తీర్పు చెప్పింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద, చికిత్స చేస్తూ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. కానీ మీకు కావాల్సింది నష్టపరిహారమైతే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం కంటే వినియోగదారుల కమిషన్ దారి మేలని నేను అనుకుంటాను.

నిలబడే కేసు ఎలా ఉంటుందో మన తెలుగువాళ్ల కేసులే చెబుతాయి. కిషన్‌రావు మలేరియా విభాగంలో ఆఫీసరు. జ్వరం వచ్చిన భార్యను హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేరిస్తే టైఫాయిడ్‌కు మందులిచ్చారు. జబ్బు మలేరియా. ఆమె చనిపోయింది. తప్పు కంటికి కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మరొకరు ప్రశాంత్ ధనంక అనే ఇంజనీరింగ్ విద్యార్థి. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడ్డాయి. పరీక్ష కోసమని అంగీకారం తీసుకుని కణితే తొలగించారన్నది వివాదంలో ఒక ముఖ్య భాగం. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోటి రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యలో పంతొమ్మిదేళ్లు గడిచాయి.

రెండేళ్ల గడువు

కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి మాఫీ కోరవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కడుపులో గుడ్డముక్క వదిలేసిన కేసుల్లో అది బయటపడిన రోజు నుంచి లెక్క అనే వాదన ఉంది. అదీ అన్నిసార్లూ పనిచేయదు. 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక నర్సు ఏళ్ల తరబడి నొప్పి భరించింది. 2002లో రెండో ఆపరేషన్‌లో గాజుగుడ్డ బయటపడింది. అంతకాలం నొప్పి ఉన్నా, స్వయంగా నర్సు అయి ఉండీ ఆపరేషన్ చేసిన డాక్టరును ఎందుకు అడగలేదంటూ సుప్రీంకోర్టు ఆమె ఫిర్యాదును గడువు దాటిందని కొట్టేసింది.

ఎక్కడ, ఎంత ఖర్చుతో

జిల్లా కమిషన్‌లో వేయాలా, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌లోనా అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆస్పత్రికి కట్టిన బిల్లును బట్టి తేలుతుంది. బిల్లు 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కాబట్టి నాలుగు లక్షల బిల్లు కట్టి 80 లక్షలు అడిగినా జిల్లా కమిషనే. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మనకు బాగా పనికొచ్చే మార్పు ఒకటుంది. ఆస్పత్రి ఉన్న చోటే కాదు, మీరు ఉంటున్న జిల్లాలోనూ ఫిర్యాదు వేయవచ్చు. పలాస నుంచి వచ్చి విశాఖలో వైద్యం చేయించుకున్నవాళ్లు శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. ప్రతి వాయిదాకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఆటో వెతుక్కునే బాధ తప్పుతుంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్లో కూడా వేయవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది.

అందరికీ ఉచితంగానే వైద్యం చేసే ప్రభుత్వాస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో శాంత కేసు తీర్పు చెప్పింది. అక్కడ జరిగిన దానికి సివిల్ కోర్టు, హైకోర్టు దారులు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్ల సంగతి వేరు. కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆస్పత్రిలో ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులే అని అదే తీర్పు.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది.

ఫిర్యాదులో ఆస్పత్రిని తప్పకుండా చేర్చండి. "ఆయన మా ఉద్యోగి కాదు, బయటినుంచి వచ్చే సర్జన్" అని ఆస్పత్రి తప్పించుకోలేదని 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలైతే మరో డాక్టరు అభిప్రాయం రాతపూర్వకంగా జతచేయండి. ఇది దొరకడమే కష్టం. తోటి డాక్టరు మీద సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు, వేరే జిల్లాలో అడిగితే కొంత నయం. ఎవరూ దొరకకపోతే రికార్డును నిపుణుల బోర్డుకు పంపమని కమిషన్‌నే కోరండి.

లీగల్ నోటీసు, ఇన్సూరెన్స్

ఫిర్యాదుకు ముందు లీగల్ నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాదు గానీ ఇవ్వడమే మంచిది. అందులో ఒక వాక్యం కలపండి: "మీకు వృత్తిపరమైన ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ పేరు, పాలసీ నంబరు తెలపండి." తెలిస్తే కంపెనీనీ ప్రతివాదిగా చేర్చవచ్చు. అయితే రోడ్డు ప్రమాదాల్లోలాగా ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ మీద బాధితుడికి చట్టం నేరుగా ఇచ్చిన హక్కు లేదు. కొన్నిసార్లు పాలసీ పరిమితి వరకు కంపెనీని కూడా బాధ్యుణ్ని చేస్తారు, కొన్నిసార్లు ఫిర్యాదుదారుకు కంపెనీతో ఒప్పందం లేదని కంపెనీని పక్కన పెడతారు. మీకు డబ్బు ఇవ్వాల్సింది మాత్రం డాక్టరు, ఆస్పత్రే.

ఇక్కడి నుంచి డాక్టర్లకు. ఆ నోటీసు కవరు మీ టేబుల్ మీదికి వచ్చిన రోజే మీ ఇన్సూరెన్స్ లెక్క మొదలైనట్టు. కేసు నంబరు పడ్డాక చూద్దాంలే అని సొరుగులో పడేస్తే కంపెనీ "ఆలస్యంగా తెలిపారు" అంటుంది. అదే రోజు మెయిల్ పెట్టండి, కాపీ జతచేయండి. ఏజెంటుకు ఫోన్ చేసి చెప్పడం తెలపడం కిందికి రాదు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం కూడా పాలసీని దెబ్బతీస్తాయి. రోగి కుటుంబాన్ని పలకరించి బాధ పంచుకోవడానికి ఏ పాలసీ అడ్డురాదు. చాలామంది ఇది తెలియక ముఖం చాటేస్తారు, అసలు కేసులు పుట్టేది అక్కడే.

ఇన్సూరెన్స్ వివాదాలు ఎక్కువగా ఒక్క షరతు దగ్గర వస్తాయి. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజును చూస్తాయి. వైద్యం 2022లో చేశారు, నోటీసు 2024లో వచ్చింది అనుకోండి. 2022 పాలసీ చూపిస్తే సరిపోదు, 2024లో పాలసీ అమల్లో ఉండాలి. వైద్యం జరిగిన తేదీ కూడా పాలసీ మీద రాసిన పాత తేదీ, అంటే రెట్రోయాక్టివ్ డేట్ తర్వాతే ఉండాలి. ఏటా ఆగకుండా రెన్యువల్ చేసుకుంటే ఆ పాత తేదీ కొనసాగుతుంది. మధ్యలో తెగి కొత్త పాలసీ తీసుకుంటే లెక్క మళ్లీ మొదలు కావచ్చు. కంపెనీ మారేటప్పుడు పాత తేదీని కొత్త పాలసీ మీద రాయించుకోండి. ప్రాక్టీసు మానేసినవాళ్లకు నోటీసులు ఆ తర్వాత కూడా వస్తాయి, అప్పటి కవరు గురించి మానేయకముందే అడగండి.

ఇంకో తికమక పాలసీ మీద 1:1, 1:4 అని ఉండే అంకెలు. కోటి రూపాయల పాలసీకి 1:1 ఉంటే ఒకే కేసుకు కోటి దాకా వాడుకోవచ్చు. 1:4 అయితే ఒక కేసుకు 25 లక్షలే. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు 1:4 రాయించి ఉంటే తీర్పు వచ్చిన రోజే అది బయటపడుతుంది. మీ సొంత పాలసీ మీ నర్సింగ్‌హోమ్ బాధ్యతను మోయదు, దానికి వేరే పాలసీ ఉండాలి. మీ డిగ్రీకి మించిన చికిత్స చేసినా, అర్హత లేని సిబ్బందితో చేయించినా కంపెనీ చేతులెత్తేస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు కింద అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌కు వెళ్లండి. అక్కడా కాకపోతే డాక్టరు కూడా అదే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వ్యాపారానికి తీసుకున్న పాలసీ అయినా, నష్టం భర్తీకే కాబట్టి వినియోగదారుడే అని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసులు వెళ్లాక

కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో డాక్టరు, ఆస్పత్రి జవాబు వేయాలి. మరో 15 రోజులు పొడిగించవచ్చు. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోరు, 2020లో రాజ్యాంగ ధర్మాసనం ఇది గట్టిగా చెప్పింది. చట్టం ప్రకారం కేసు మూడు నెలల్లో తేలాలి. మీరు మాత్రం ఏళ్ల లెక్కలో ఓపిక పట్టండి. ప్రతి వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందో ఒక నోటుబుక్‌లో రాసుకోండి.

జిల్లా కమిషన్ తీర్పు మీద అప్పీలుకు 45 రోజులు గడువు. ఓడిన పక్షం అప్పీలు చేయాలంటే ఇవ్వాల్సిన మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. అప్పీలూ లేదు, డబ్బూ రాలేదంటే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్లకు జైలు కూడా వేయగలదు. మా మేనమామ కేసు ఈ మధ్యే నిపుణుల బోర్డు దాకా వచ్చింది. నాలుగు నెలలు తిరిగి తెచ్చిన ఆ కేస్ షీట్‌లో నర్సుల చార్టు రెండు పేజీలు లేవు. అవి ఏమయ్యాయో చెప్పమని కమిషన్ ఆస్పత్రిని అడిగింది.