ఆర్‌ఎక్స్ 100కి పాత ఇంజన్ కొనడం, అమ్మడం ఎలా?

అనంతపురంలో యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు చప్పుడు వినబడితే టీ అంగడి దగ్గర నిలబడినవాళ్లు ఇప్పటికీ తల తిప్పి చూస్తారు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్. ఉన్న ఇంజన్ మరమ్మతుకు లొంగనంతగా పాడైతే ఇంకో పాతదాన్ని వెతుక్కోవాల్సిందే. ఊర్లో మెకానిక్ షెడ్లలో అడిగితే ఒకటీ అరా దొరుకుతాయి. లేదంటే బెంగళూరు బస్సెక్కి, బండ్ల విడిభాగాలు అమ్మే ఎస్‌జేపీ రోడ్డు అంగళ్లు తిరగాలి.

ముందు నంబరు చూడండి

మొదటిసారి నేను చప్పుడు విని మోజుపడి కొనేశాను. నిగనిగలాడే రంగు, ఒక్క కిక్కుకే స్టార్టు. ఇంటికి తెచ్చాక మా మెకానిక్ కిరోసిన్ గుడ్డతో నంబరు దగ్గర రుద్దాడు. రంగు కింద గ్రైండింగ్ గీతలు బయటపడ్డాయి. అంకెలు ఒకటి పైకి, ఒకటి కిందికి. పాత నంబరు చెరిపి కొత్తది కొట్టారని అప్పుడు తెలిసింది. అమ్మినాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ ఇంజన్ నా బండికి ఎక్కనే లేదు, డబ్బు మాత్రం పోయింది.

అందుకే కిరోసిన్ గుడ్డ వెంట తీసుకెళ్లండి. ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ నంబరు 1ఎల్1తో మొదలవుతుంది. ఆ చోట గోరుతో తడిమితే పోత గరుకు తగలాలి. నున్నగా అరగదీసినట్టు ఉంటే బేరం అక్కడే ఆపేయండి. ఆ ఇంజన్ ఏ బండిదో ఆ బండి ఆర్సీ కాపీ అడిగి, నంబరు అంకె అంకె సరిచూసుకోండి. దొంగ బండిదేమో అన్న టెన్షన్ లేకుండా జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వాహన ఎన్‌ఓసీ సేవలో కూడా ఒకసారి వెతకండి.

మీ బండికి బిగించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. మార్చాక 14 రోజుల్లోపు ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ పెట్టుకుందామని చాలామంది ఆశపడతారు. దాని సీసీ 132. ఆర్సీలో 98 అని ఉంటుంది కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు చిక్కే. నేనైతే వద్దంటాను.

తర్వాత ఇనుము

మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. బ్లాకు మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. వేడి మీద చాలా లోపాలు బయటపడవు. చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు రండి.

సైలెన్సర్ ఊడదీయించి, టార్చి వేసి ఎగ్జాస్ట్ రంధ్రంలోకి చూడండి. కిక్‌ను చేత్తో మెల్లగా తిప్పుతుంటే పిస్టన్ పైకీ కిందికీ వస్తుంది. దాని ఒంటిమీద నిలువు గీతలు లోతుగా ఉంటే ఒకసారి పట్టేసిన (పిస్టన్ లోపలే బిగుసుకుపోయిన) ఇంజన్ అది. హెడ్డు విప్పడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. స్టాండర్డ్ బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం వెడల్పు, 50 మిల్లీమీటర్లు. బోరు అరిగితే దాన్ని పెద్దది చేసి వేసే ఓవర్‌సైజు పిస్టన్ అయితే, మిల్లీమీటరులో ఎన్ని వందో వంతులు పెద్దదో చెప్పే 25, 50, 75, 100 లాంటి అంకె తల మీద ఉంటుంది. 100 కనిపిస్తే బోరింగ్ అవకాశాలన్నీ అయిపోయినట్టే, ఆ బ్లాకుకు డబ్బు పెట్టకండి.

పిస్టన్‌ను పైన నిలిపి, మాగ్నెట్‌ను (ఇంజన్ పక్కన తిరిగే చక్రాన్ని) ముందుకూ వెనక్కూ కొద్దిగా కదిలించండి. టక్ టక్ మంటే పిస్టన్‌ను క్రాంకు ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వదులైంది, క్రాంకు పని ఉంటుంది. చైను తెగినప్పుడు ముందు స్ప్రాకెట్ దగ్గర ఇంజన్ కేసు పగలొచ్చు. అక్కడ వెల్డింగ్ మచ్చ ఉందేమో వెతకండి. నాలుగు గేర్లూ పడుతున్నాయో లేదో చూసుకోండి. స్టార్టు చేశాక తెల్ల పొగ ఆగకుండా వస్తూ ఉంటే క్లచ్ వైపు ఆయిల్ సీలు పోయి గేర్ ఆయిల్ కాలుతుండొచ్చు. సీలు చవకే కానీ, మార్చాలంటే క్లచ్ వైపు విప్పాలి. ఆ ఖర్చంతా బేరంలో తగ్గించి అడగండి.

"జపాన్ ఇంజన్ న్నా" అని ధర పెంచితే నమ్మేయకండి. మొదట్లో బండ్లు జపాన్ విడిభాగాలతోనే బిగించారు, అది నిజం. కానీ ఇన్నేళ్లలో లోపల ఎన్ని మారాయో విప్పితేనే తెలిసేది.

అమ్మేటప్పుడు

రంగు వేయకండి. కడిగి, ఆరబెట్టి ఉన్నదున్నట్టు చూపించండి. ఏ బోరు మీద ఉంది, క్రాంకు ఎప్పుడు చేయించారు, ఏది పనిచేయదు అన్నీ ముందే చెప్పండి. తెలిసినవాళ్లు నిజాయితీకి నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తారు. ఇంజన్ నంబరు, తేదీ, ధర రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. కొన్నవాళ్ల ఆధార్ కాపీ, ఇంజన్ నంబరు ఫోటో దాచుకోండి. బండి తుక్కు కింద పోయిందా, ఆర్సీ రద్దుకు 14 రోజుల్లోపు ఆర్టీఓకు తెలపండి.

లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో పంపాలంటే గేర్ ఆయిల్ పూర్తిగా తీసేసి, కార్బురేటర్, సైలెన్సర్ రంధ్రాల్లో గుడ్డ కుక్కి, చెక్కపెట్టెలో కదలకుండా బిగించండి. ఆ గుడ్డలు తీయకుండా కిక్ కొట్టొద్దని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి.