నిరంతరం పనిచేసే ప్రాసెసరు – మూడో పాఠం: వేడిని కొలిచి నమోదు చేయడం

గత పాఠంలో ప్రాసెసరు ఎంత శాతం పనిలో ఉందో చూడటం నేర్చుకున్నాం. ఆ శాతం రోజుల తరబడి నూరు దగ్గరే నిలిచి ఉంటే యంత్రం తొందరగా పాడవుతుందా అన్నది ఈ పాఠంలో తేల్చుకోవలసిన ప్రశ్న. ప్రాసెసరులో కదిలే భాగమేదీ లేదు కాబట్టి లెక్కలు చేసినంత మాత్రాన అది అరిగిపోదు. దానికి వయసు మీద పడేలా చేసేవి వేడి, వోల్టేజీ, కరెంటు.

చిప్పు లోపలి సన్నని లోహపు తీగల్లో ప్రవహించే ఎలక్ట్రాన్లు ఆ లోహపు పరమాణువులను కొద్దికొద్దిగా ముందుకు నెడుతూ ఉండటం వల్ల, కాలక్రమంలో ఒకచోట ఖాళీ, మరొకచోట గుట్ట ఏర్పడతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 1969లో జేమ్స్ బ్లాక్ ఇచ్చిన సమీకరణం ప్రకారం కరెంటు సాంద్రత (తీగ మందంతో పోలిస్తే అందులో పారే కరెంటు) పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా తీగ ఆయుర్దాయం తగ్గుతుంది. ఉష్ణోగ్రత ప్రభావం మరీ తీవ్రం. చిప్పును రూపొందించేవారు దీన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు. అందుచేత వోల్టేజీని మనం పెంచకుండా, చల్లదనం సరిగా అందిస్తే, చాలా ప్రాసెసర్లు చెడిపోకముందే పాతబడిపోతాయి.

నిజానికి ముందుగా దెబ్బతినేవి దాని ఇరుగుపొరుగు. విద్యుత్ సరఫరా పెట్టెలో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరునే, అంటే విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాన్నే తీసుకోండి. దానిమీద 105 డిగ్రీలు అని రాసి ఉండి, తయారీదారు పట్టికలో ఆ వేడి వద్ద ఆయుర్దాయం 2,000 గంటలు అని ఉందనుకుందాం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుర్దాయం సుమారుగా రెట్టింపవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. 65 డిగ్రీల వద్ద అది 32,000 గంటలు, అంటే ఆపకుండా నడిపితే సుమారు మూడున్నర ఏళ్లు. 55 డిగ్రీల వద్ద ఏడేళ్లు దాటుతుంది. ఆ గడువు తీరిన రోజే అది పేలిపోదు, దాని సామర్థ్యం నిర్ణీత హద్దు దాటి తగ్గుతుందంతే. అయినా పెట్టెలో పది డిగ్రీల తేడాకు ఎంత విలువుందో ఈ లెక్కలోనే కనబడుతోంది.

ఫ్యాను బేరింగు అరుగుతుంది, ప్రాసెసరుకూ దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ అయిన హీట్‌సింకుకూ మధ్య, వేడి సులువుగా దాటేందుకు పూసిన పేస్టు ఎండుతుంది. ఇక మాటిమాటికీ వేడెక్కి చల్లారడం వల్ల టంకపు అతుకులు సాగి, కుంచించుకుని అలసిపోతాయి; ఈ ఒక్క విషయంలో ఒకే ఉష్ణోగ్రత వద్ద నిలకడగా నడిచే యంత్రానిదే మేలు.

ఇప్పుడు అభ్యాసం. లినక్సులో ఎల్‌ఎం-సెన్సర్స్, విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉపకరణంతో ఉష్ణోగ్రత చూడవచ్చు. యంత్రాన్ని అరగంటసేపు పూర్తి పనిలో ఉంచి, గది ఉష్ణోగ్రత, ప్రాసెసరు ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఒంటరి అంకె చూసి కంగారు పడకండి. పోల్చవలసింది గదికీ ప్రాసెసరుకూ మధ్య తేడాని. గది 30, ప్రాసెసరు 72 అయితే తేడా 42. ఆరు నెలల తర్వాత గది 34, ప్రాసెసరు 84 అయితే తేడా 50కి చేరింది. ఎండాకాలం మీదికి నెట్టేయదగింది అందులో నాలుగు డిగ్రీలే, మిగిలిన ఎనిమిది దుమ్ముదో పేస్టుదో.

ముందు దుమ్మును అనుమానించండి. కంప్యూటరు ఆపి, కరెంటు తీగ తీసి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని గాలి ఊదండి. రెక్కలు గిరగిరా తిరిగితే బేరింగు పాడయ్యే ప్రమాదముంది. శుభ్రం చేశాక అదే పరీక్ష మళ్లీ పెడితే తేడా 43కి దిగివస్తే సరే, 50 వద్దే ఉండిపోయి ఫ్యాను మునుపటి వేగంతోనే తిరుగుతుంటే పేస్టు మార్చవలసిందే. ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల ప్రాంతానికి చేరితే చాలా ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. పని మందగించిందంటే ఈ కోణంలోనూ చూడాలి.

వచ్చే పాఠానికల్లా వారం రోజుల అంకెలు పుస్తకంలో ఉండాలి. పాత పేస్టు తుడిచి, కొత్తది ఎంత పూయాలో వాటిని దగ్గర పెట్టుకునే నేర్చుకుందాం.