గేమింగ్ కంప్యూటర్‌కు పవర్ సప్లై ఎంచుకునేటప్పుడు పెట్టె మీది అంకె కంటే ముందు చూడవలసినవి

సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కూర్చుకునేవారు గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి ఆలోచించి, ప్రాసెసర్ గురించి నలుగురినీ అడిగి, చివరకు మిగిలిన డబ్బుతో ఏదో ఒక పవర్ సప్లై కొనేయడం నేను చాలాసార్లు చూశాను. మొదటిసారి నేను చేసిందీ అదే. పెట్టె మీద 600 వాట్లని రాసి ఉంది, నా కంప్యూటర్‌కు 400 కూడా అవసరం పడదు కదా అనుకున్నాను. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకల్లా తెర నల్లబడి, కంప్యూటర్ దానంతట అదే మళ్లీ మొదలయ్యేది. డ్రైవర్లు మార్చాను, మెమరీ తీసి మళ్లీ పెట్టాను, విండోస్ కొత్తగా ఎక్కించాను. చివరికి పవర్ సప్లైని బయటికి తీసి, దాని పక్కన అంటించిన లేబుల్ చదివితే అసలు సంగతి తెలిసింది. 12 వోల్టుల లైను మీద 28 ఆంపియర్లని ఉంది. రెండింటినీ గుణిస్తే వచ్చేది 336 వాట్లు. మిగతాదంతా 5, 3.3 వోల్టుల లైన్లలో చూపించి కూడిన అంకె.

గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఏసీ కరెంటును పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి పంచుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను మీదే నడుస్తాయి కాబట్టి, ఆ ఒక్క లైను ఎంత ఇవ్వగలదన్నదే మనకు కావలసిన లెక్క. 650 వాట్ల మంచి పవర్ సప్లై లేబుల్ మీద 12 వోల్టుల కింద 54 ఆంపియర్లు కనిపిస్తాయి. అంటే 648 వాట్లు, ఇంచుమించు మొత్తం శక్తి అక్కడే అందుతుందన్నమాట. పెట్టె మీది మొత్తం వాట్లకూ 12 వోల్టుల లైను ఇచ్చే వాట్లకూ మధ్య దూరం ఎక్కువగా ఉన్న సరుకు ఎంత చవకగా దొరికినా తీసుకోవద్దనే చెబుతాను.

ఇక ఎన్ని వాట్లు కావాలో తేల్చడానికి కాగితం, కలం చాలు. ప్రాసెసర్ విషయంలో టీడీపీని, అంటే దాన్ని చల్లబరిచే ఏర్పాటు కోసం తయారీదారు ఇచ్చే వాట్ల అంకెను కాక, అది గరిష్ఠంగా లాగే శక్తిని తీసుకోవాలి. రైజెన్ 7 7800ఎక్స్3డీకి టీడీపీ 120 వాట్లే అయినా దానికి అనుమతించిన గరిష్ఠం 162 వాట్లు. కోర్ ఐ9-14900కేకు మూల విలువ 125 అయితే, వేగం పెంచుకునే టర్బో స్థితిలో 253 వరకు వెళుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు తయారీదారు ప్రకటించిన బోర్డు శక్తిని తీసుకోవచ్చు. ఆర్‌టీఎక్స్ 4070కి అది 200 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4090కి 450, ఆర్‌టీఎక్స్ 5090కి 575. మదర్‌బోర్డు, మెమరీ, డ్రైవులు, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి 70 నుంచి 80 వాట్లు వేసుకోండి. 7800ఎక్స్3డీ పక్కన 4070 పెడితే మొత్తం 440 చుట్టుపక్కల వస్తుంది. ఈ జోడీకి నేనైతే 650 వాట్ల సప్లై పెడతాను.

ఆ అదనపు 200 వాట్లు ఎందుకన్న సందేహం సహజమే. గ్రాఫిక్స్ కార్డు ప్రకటించిన శక్తి సగటు లెక్క మాత్రమే. ఆటలో ఒక్కసారిగా పెద్ద పేలుడో, రద్దీ దృశ్యమో వచ్చినప్పుడు సెకనులో అతి చిన్న భాగం పాటు కార్డు దానికి రెట్టింపు వరకు లాగవచ్చు. ఆ దెబ్బకు సప్లైలోని రక్షణ వలయం ఏదో తేడా వచ్చిందనుకుని అంతా ఆపేస్తుంది. ఈ ఇబ్బంది పెరిగినందువల్లే 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, కొత్త గ్రాఫిక్స్ కనెక్టర్ ఉండి 450 వాట్లు దాటిన సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని తట్టుకోవాలన్న నియమం చేర్చారు. కొత్తగా కొనేవారు ఏటీఎక్స్ 3.0 లేదా దాని తర్వాతి 3.1 ప్రమాణానికి సరిపోయేదే తీసుకోవడం మేలు. మరీ ఎక్కువ వాట్లు కొంటే ప్రమాదమేమీ లేదు, కంప్యూటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఖర్చు మాత్రం వృథా.

గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా కంప్యూటర్‌కు చేరుతుందో బట్టి గోల్డ్ వంటి స్థాయిలిచ్చే 80 ప్లస్ ముద్ర గురించి అపోహలు చాలా ఉన్నాయి. 650 వాట్ల గోల్డ్ సప్లై 90 శాతం మాత్రమే ఇస్తుందని, అంటే 585 వాట్లే అందుతాయని కొందరు అనుకుంటారు. అది తప్పు. 650 వాట్లూ కంప్యూటర్‌కు అందుతాయి, గోడ నుంచి తీసుకునేది అంతకంటే ఎక్కువగా ఉంటుంది. లోపల 400 వాట్లు కావలసినప్పుడు 90 శాతం సామర్థ్యంతో గోడ నుంచి సుమారు 444 వాట్లు, 82 శాతంతో 488 వాట్లు వెళతాయి. ఆ తేడా అంతా వేడిగా మారి, ఫ్యాను మోతను పెంచుతుంది. అయితే ఈ ముద్ర ప్రధానంగా సామర్థ్యానికి సంబంధించినదే. వోల్టేజి ఎంత స్థిరంగా ఉంది, రక్షణ వలయాలు సమయానికి పనిచేస్తాయా అన్న విషయాలను అది చెప్పదు. అందుకే పరికరాలతో భారం పెట్టి కొలిచిన సమీక్షలు చదవండి. వాటిలో 12 వోల్టుల లైను మీద రిపుల్, అంటే వోల్టేజిలో వేగంగా వచ్చే చిన్న ఒడిదుడుకులు, 120 మిల్లీవోల్టులకు బాగా తక్కువగా ఉందా, వోల్టేజి 11.4కూ 12.6కూ మధ్యనే నిలిచిందా అన్నది చూడండి. ఈ రెండూ ఏటీఎక్స్ ప్రమాణం చాలాకాలం పాటు విధించిన హద్దులు. మంచి సప్లైలు వాటి దరిదాపులకు కూడా పోవు. 105 డిగ్రీల వేడికి తగిన కెపాసిటర్లు, ఏడు నుంచి పదేళ్ల వారంటీ ఉంటే మన్నికపై భరోసా పెరుగుతుంది.

క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందే కొలవాలి. మామూలు ఏటీఎక్స్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లే అయినా పొడవు మోడల్‌ను బట్టి మారుతుంది. కేబుళ్లు వంగడానికి కూడా చోటు వదలాలి.

కేబుళ్ల దగ్గర మాత్రం తొందరపడవద్దు. 8 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్ ఒక్కొక్కటి 150 వాట్లకు, మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లకు ఉద్దేశించినవి. కార్డుకు రెండు 8 పిన్నుల కనెక్టర్లు కావాలంటే, ఒకే తీగకు వేలాడే రెండు తలలు తగిలించకుండా సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. పైన చెప్పిన కొత్త గ్రాఫిక్స్ కనెక్టర్, అంటే 600 వాట్ల వరకు మోసే 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్, 2022 చివర్లో కొన్ని కార్డుల దగ్గర కరిగిపోయింది. అది లోపలికి పూర్తిగా దిగకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటని తేలింది. తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6లో సంకేతాలు పంపే చిన్న పిన్నులను పొట్టిచేశారు, కనెక్టర్ సరిగా దిగకపోతే కార్డు కరెంటు తీసుకోకుండా ఉండటానికి. ఏదైనా సరే, క్లిప్పు పడేదాకా నొక్కి, అంచు దగ్గర సందు కనిపించడం లేదని టార్చి వేసి చూసుకుని, కనెక్టర్ నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు తీగను వంచకుండా వదలండి.

విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ సప్లై కొనేవారికి ఒక హెచ్చరిక. కేబుల్ రెండో చివర, అంటే సప్లై వైపు, ఏ పిన్నులో ఏ వోల్టేజి రావాలన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే సంస్థ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. కనెక్టర్ చక్కగా కూర్చుంటుంది, అదే మోసం. కొత్త సప్లై వేసినప్పుడు, డ్రైవుకు వెళ్లే పాత కేబుల్ చక్కగా కట్టి ఉంది కదా అని నేను దాన్ని విప్పకుండా అలాగే తగిలించాను. స్విచ్ వేయగానే చిన్న చిటపట, కాలిన వాసన. 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి ఎస్‌ఎస్‌డీ పోయింది, అందులోని నాలుగేళ్ల ఫోటోలూ పోయాయి. అప్పటినుంచి పాత సప్లై తీసేటప్పుడు దాని కేబుళ్లన్నీ కలిపి కట్టి, మోడల్ పేరు రాసిన చీటీ అంటించి, ఆ సప్లై పెట్టెలోనే వేసి మూసేస్తున్నాను.