పసిగుడ్డు పచ్చగా కక్కినప్పుడు: పుట్టుకతో వచ్చే పేగు అడ్డంకిని చిత్రాలతో గుర్తించే క్రమం

బిడ్డ పచ్చగా కక్కిందని కబురు వచ్చినప్పుడు మొదట తేల్చుకోవలసినది ఆ పచ్చ ఏ పచ్చ అన్నది. మన మాటలో పసుపుకూ ఆకు రంగుకూ పచ్చ అన్న పేరే చెల్లుతుంది గనుక, ఈ ఒక్క మాట అర్థంకాక విలువైన గంటలు జారిపోయే ప్రమాదం ఉంది. ముర్రుపాలు తాగిన బిడ్డ లేత పసుపు రంగులో కాస్త కక్కడం చాలాసార్లు మామూలు విషయమే. ముదురు ఆకుపచ్చ రంగులో కక్కితే మాత్రం, పైత్యరసం పేగులోకి దిగే చోటుకు కింద ఎక్కడో దారి మూసుకుపోయిందని, అందువల్ల ఆ రసం వెనక్కి తన్నుతున్నదని అనుమానించాలి. అందుచేత మరక పడిన గుడ్డను ఉతకడానికి వేయకుండా ఉంచమని నర్సుకు చెప్పి, మీరే దాన్ని వెలుతురులో చూడండి. ఆకుపచ్చ అని తేలితే, కాదని రుజువయ్యే వరకూ అది పేగు మెలిపడటమే, అంటే మిడ్‌గట్ వాల్వులసే అనుకుని అడుగు వేయాలి. బిడ్డ హుషారుగా ఉన్నా, పొట్ట మెత్తగా ఉన్నా ఈ నియమం మారదు.

చిత్రాల గదికి పంపే ముందు కొన్ని సంగతులు సేకరించుకుంటే తరువాత చూసే ప్రతి ఫిల్ముకూ అర్థం పెరుగుతుంది. గర్భంలో ఉమ్మనీరు ఎక్కువగా ఉండేదా? తల్లికి మధుమేహం ఉందా? తొలి మలం, అంటే మెకోనియం, ఎన్ని గంటలకు పడింది? నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో అత్యధికులు మొదటి 24 గంటల్లోనే దాన్ని విసర్జిస్తారు. 48 గంటలు దాటినా పడకపోతే కారణం వెతకాలి. మలద్వారం సరైన చోట ఉందో లేదో కళ్లతో చూడాలి. ఇంత చిన్న విషయం రాయనవసరం లేదనిపించవచ్చు గాని, అది చూడకుండానే ఎక్స్‌రేకు పంపిన సందర్భాలు లేకపోలేదు. ముక్కు గొట్టం వేసి జీర్ణాశయాన్ని ఖాళీ చేయడం, నరం ద్వారా ద్రవాలు ఎక్కించడం, బిడ్డను వెచ్చగా ఉంచడం పరీక్షతో పాటే సాగాలి. బిడ్డ షాక్‌లో ఉన్నా, పొట్ట గోడ ఎర్రబడి గట్టిపడినా కాంట్రాస్ట్ (పేగు దారి ఎక్స్‌రేలో కనిపించేలా ఎక్కించే ద్రావణం) పరీక్షల కోసం ఆగకుండా పిల్లల సర్జన్‌ను వెంటనే పిలవాలి.

మొదటి పరీక్ష ఎప్పుడూ సాదా ఎక్స్‌రేనే. వెల్లకిలా పడుకోబెట్టి ఒకటి, గాలి బయటికి లీకయిందన్న అనుమానం ఉంటే ఎడమ పక్కకు తిప్పి మరొకటి తీయాలి. అప్పుడు పేగు బయటి గాలి కాలేయం పక్కన గీతలా తేలి కనిపిస్తుంది. బిడ్డ తొలి ఊపిరితో పాటు మింగిన గాలి కొద్ది నిమిషాల్లో జీర్ణాశయానికి, కొన్ని గంటల్లో చిన్నపేగుకు, సాధారణంగా ఒక రోజు లోపల పురీషనాళానికి చేరుతుంది. ఖర్చులేని కాంట్రాస్ట్ ఈ గాలే. అందువల్ల పుట్టి ఎన్ని గంటలయిందో తెలియకుండా నవజాత శిశువు ఫిల్మును చదవకూడదు. నాలుగో గంటలో పెద్దపేగులో గాలి లేకపోవడం తప్పు కాదు, ముప్ఫయ్యో గంటలో అయితే అది ప్రశ్న అవుతుంది. కొత్తగా చేరినవారు ఉబ్బిన పేగు చిన్నదా పెద్దదా అని తేల్చడానికి తంటాలు పడుతుంటారు. ఈ వయసులో పెద్దపేగు మడతలు స్పష్టంగా ఏర్పడవు గనుక ఆ శ్రమ చాలావరకు వృథా. ఉబ్బిన మెలికలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు ఉంటే అడ్డంకి పైన ఉంది. పొట్ట నిండా ఉంటే కింద ఉంది. తరువాతి పరీక్ష నోటి నుంచా, మలద్వారం నుంచా అన్నది ఈ లెక్కే చెబుతుంది.

జీర్ణాశయంలో ఒక బుడగ, దాని కుడి పక్కన ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, మరొక బుడగ కనిపించి, వాటి కింద గాలి ఏ మాత్రం లేకపోతే ఆంత్రమూలం పూర్తిగా మూసుకుపోయినట్లే. ఆ చిత్రం చాలు, కాంట్రాస్ట్ అక్కరలేదు. ముక్కు గొట్టంతో రసమంతా లాగేసినందువల్ల బుడగలు కనిపించకపోతే, అదే గొట్టం ద్వారా కొద్దిగా గాలి ఎక్కించి మళ్లీ ఫిల్ము తీస్తే సరిపోతుంది. ఈ బిడ్డల్లో సుమారు మూడింట ఒకరికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది గనుక గుండెకు ఎకో పరీక్ష కూడా చేయించాలి. మూడు బుడగలుంటే అడ్డంకి జెజునం (ఆంత్రమూలం తరువాతి చిన్నపేగు భాగం) మొదట్లో ఉండవచ్చు. అయితే రెండు బుడగల కింద కొద్దిపాటి గాలి చెదురుమదురుగా ఉన్నప్పుడు మాత్రం నిశ్చింతగా ఉండకండి. అది ఆంత్రమూలం సన్నబడటం కావచ్చు, లోపలి పొర కావచ్చు, మెలిపడిన పేగూ కావచ్చు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి: పేగు మెలిపడిన బిడ్డకు సాదా ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. ఆకుపచ్చ వాంతి ఉండి ఫిల్ము బాగుందంటే పరీక్ష ముగిసిందని కాదు.

అప్పుడు చేయవలసినది పై జీర్ణమార్గపు కాంట్రాస్ట్ పరీక్ష, అదీ తెల్లవారే దాకా ఆగకుండా. ఇందులో వెతికేది ఒకే ఒక్క బిందువు: ఆంత్రమూలం ముగిసి జెజునం మొదలయ్యే డి.జె. మలుపు. బిడ్డను కుడి పక్కకు పడుకోబెట్టి, గొట్టం ద్వారా కొద్ది మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ మాత్రమే ఇచ్చి, అది జీర్ణాశయపు కింది ద్వారమైన పైలోరస్ దాటుతుండగా చూడాలి. పక్క నుంచి చూసినప్పుడు ఆంత్రమూలం వెన్ను వైపుకు వంగి కిందికి దిగి, అదే లోతులో తిరిగి పైకి రావాలి. కాంట్రాస్ట్ ఆ వంపు దాటుతుండగానే బిడ్డను వెల్లకిలా తిప్పి, భుజాలూ తుంటీ ఏ మాత్రం వాలకుండా సరిచేసి, ఎదురు నుంచి చిత్రం తీయాలి. డి.జె. మలుపు వెన్నుపూస ఎడమ పెడికిల్ (పూస వెనుక వైపుకు పొడుచుకొచ్చే పొట్టి ఎముక) మీద గాని, దానికి ఎడమగా గాని, ఆంత్రమూలపు మొదటి భాగమంత ఎత్తులో ఉంటే సరైన చోట ఉన్నట్లు. మొదటి గుటక కాంట్రాస్ట్‌తోనే ఈ పని అయిపోవాలి. జెజునం నిండిపోయాక దాని నీడ మలుపును కప్పేస్తుంది, ఇక ఎన్ని చిత్రాలు తీసినా రేడియేషన్ పెరగడమే తప్ప జవాబు దొరకదు. తొందరపడి ఎక్కువ కాంట్రాస్ట్ పోయడమే ఈ పరీక్షను పాడుచేసే ప్రధాన కారణమని నా అభిప్రాయం. కాంట్రాస్ట్ బుడ్డి మూత తీసే స్క్రూలా మెలికలు తిరిగి దిగినా, పక్షి ముక్కులా సన్నబడి ఆగిపోయినా సర్జన్‌కు ఫోను చేయండి, రిపోర్టు తరువాత రాయవచ్చు. మలుపు కాస్త కిందికి జరిగినంత మాత్రాన తీర్పు చెప్పకూడదు. ఉబ్బిన జీర్ణాశయమో పేగో నెట్టినా అది జరుగుతుంది, ఎందుకంటే ఈ వయసులో దాన్ని పట్టి ఉంచే బంధాలు వదులుగా ఉంటాయి.

చేయి తిరిగినవారు ఉన్న చోట అల్ట్రాసౌండ్‌తోనే మొదలుపెట్టడం మంచిది. మామూలుగా సుపీరియర్ మెసెంటెరిక్ సిర తన పేరే గల ధమనికి కుడివైపున ఉంటుంది. ఆ సిర, దానితో పాటు పేగును పట్టి ఉంచే పొర (మెసెంటరీ), ధమని చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో సుడిలా చుట్టుకుని కనిపిస్తే మెలిపడటం ఖాయం; రక్తప్రవాహాన్ని చూపే రంగుల డాప్లర్‌లో ఆ సుడిని ఒకసారి చూసినవారు మరచిపోరు. సిర, ధమని తారుమారైతే అనుమానం బలపడుతుంది, కాని అవి సరైన చోట ఉన్నంత మాత్రాన మాల్‌రొటేషన్ (గర్భంలో పేగు తిరగవలసిన తీరులో తిరగకపోవడం) లేదని చెప్పలేము. ఆంత్రమూలపు మూడో భాగం ఆ ధమనికీ బృహద్ధమనికీ మధ్య నుంచి దాటుతున్నదో లేదో చూడటం ఇంకా నమ్మదగిన గుర్తు.

అడ్డంకి కింద ఉందని తేలితే, మలద్వారం నుంచి కాంట్రాస్ట్ ఎక్కించే ఎనీమాకు ముందు సాదా ఫిల్మునే మరోసారి నిదానంగా చూడండి. సున్నపు చుక్కలు కనిపిస్తే పేగు గర్భంలోనే చిల్లిపడి మెకోనియం బయటికి వచ్చిందని అర్థం. కుడి దిగువన సబ్బు నురగ లాంటి మచ్చలు ఉండి, ఉబ్బిన మెలికల్లో ద్రవమట్టాలు తక్కువగా ఉంటే మెకోనియం ఇలియస్‌ను, అంటే చిక్కబడిన మెకోనియం చిన్నపేగును మూసేయడాన్ని, తలచుకోవాలి. దాని వెనుక సాధారణంగా స్రావాలు చిక్కబడే జన్యువ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంటుంది. ఇక ఎనీమాకు బేరియం కాకుండా నీటిలో కరిగే కాంట్రాస్ట్ వాడాలి. మెత్తటి సన్నని గొట్టాన్ని కొద్దిగా మాత్రమే లోపలికి పంపి, పిరుదులను టేపుతో దగ్గరికి చేర్చాలి. గొట్టపు బెలూన్‌ను ఉబ్బించకూడదు, ఎందుకంటే అది పురీషనాళాన్ని చింపవచ్చు, హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో (పెద్దపేగు చివర నరకణాలు లేక మలం కదలకపోవడం) చూడవలసిన సన్నని భాగాన్నే మరుగుపరచవచ్చు. పక్కకు తిప్పి, కాంట్రాస్ట్ మెల్లగా ఎక్కుతున్న మొదటి క్షణాల చిత్రాలు తీయాలి. పురీషనాళం దాని పైనున్న సిగ్మాయిడ్ పెద్దపేగు కన్నా వెడల్పుగా ఉండటం సహజం. అది తిరగబడితే హిర్ష్‌స్ప్రంగ్ అనుమానం, సుమారు 5,000 జననాల్లో ఒకరికి వచ్చే ఆ వ్యాధిని నిర్ధారించేది మాత్రం బయాప్సీయే.

పెద్దపేగంతా ఒక సెంటీమీటరు వెడల్పు కూడా లేకుండా దారంలా ఉంటే అది మైక్రోకోలన్, అంటే గర్భంలో దాని గుండా ఏమీ పారలేదన్నమాట. అప్పుడు కాంట్రాస్ట్‌ను చిన్నపేగు చివరి భాగమైన ఇలియంలోకి కూడా వెళ్లనివ్వాలి. అక్కడ ఉండలు ఉండలుగా మెకోనియం కనిపిస్తే మెకోనియం ఇలియస్. సన్నని పేగు ఒక చోట ఆగిపోయి, పైన గాలితో ఉబ్బిన పేగుతో కలవకపోతే ఇలియం మూసుకుపోయినట్లు. 1969లో పిల్లల సర్జన్ హెలెన్ నోబ్లెట్ గ్యాస్ట్రోగ్రాఫిన్ (నీటిలో కరిగే ఒక కాంట్రాస్ట్) ఎనీమాతో మెకోనియం ఇలియస్‌ను శస్త్రచికిత్స లేకుండా విడిపించవచ్చని చూపినప్పటి నుంచి ఈ పరీక్షే చికిత్స కూడా అయింది. కాని ఆ ద్రావణం రక్తంకన్నా ఎన్నో రెట్లు గాఢమైనది గనుక నీటిని పేగులోకి లాగుతుంది. పలచన చేసి, నరం ద్వారా ద్రవాలు ఎక్కుతూ ఉండగానే ఇవ్వాలి, చిల్లి అనుమానముంటే అసలు ఇవ్వకూడదు. మధుమేహమున్న తల్లి బిడ్డలో పెద్దపేగు ఎడమభాగం మాత్రమే సన్నగా ఉండి ప్లీహం మలుపు దగ్గర ఒక్కసారిగా వెడల్పైతే అది తాత్కాలికమైన స్థితే కావచ్చు, ఎనీమా తరువాత మలం కదిలిపోతుంది. అదే చిత్రం హిర్ష్‌స్ప్రంగ్‌లోనూ రావచ్చు గనుక బిడ్డను ఇంటికి పంపాక కూడా గమనిస్తూ ఉండాలి.

ఎనీమాలో అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుందాం. పెద్దపేగు మొదటి భాగమైన సీకం కుడి దిగువన ఉన్నదని మాల్‌రొటేషన్‌ను కొట్టిపారేయకండి. పసిబిడ్డలో అది తేలిగ్గా కదిలే అవయవం, ఆంత్రమూలం తప్పుగా తిరిగినా సీకం సరైన చోట కూర్చోవచ్చు. ఆకుపచ్చ వాంతికి కారణం ఇంకా దొరకకపోతే డి.జె. మలుపు చూసే పరీక్ష ఆ రాత్రే జరగాలి. హిర్ష్‌స్ప్రంగ్ అనుమానం మిగిలితే 24 గంటల తరువాత మరొక్క సాదా ఫిల్ము తీసి, లోపల కాంట్రాస్ట్ ఎంత మిగిలిందో, పురీషనాళంలో ఉందో పైనే ఆగిందో రిపోర్టులో రాయాలి.