మీకు ఎన్ని భాషలు వచ్చు? ఒక కాగితం మీద లెక్క తీసే పద్ధతి

యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లల్ని "నీకు ఎన్ని భాషలు వచ్చు?" అని అడిగితే చాలామంది "రెండే, తెలుగూ ఇంగ్లీషూ" అంటారు. కొందరు హిందీ కలిపి మూడంటారు. "ఇంకేం నేర్చుకోవాలనుంది?" అంటే మాత్రం జపనీస్, కొరియన్, జర్మన్, ఫ్రెంచ్ అని గబగబా చెప్పేస్తారు. రెండు జవాబులూ ఆలోచించి చెప్పినవి కావు. నేను హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చెబుతాను. మొదటి సెమిస్టర్ పిల్లలందరి చేతా ఒక కాగితం నింపిస్తాను. నింపాక వచ్చిన భాషల సంఖ్య పెరుగుతుంది, రావాల్సిన వాటి జాబితా మారుతుంది. మీ గదిలో కూర్చుని మీరూ చేసుకోవచ్చు. ఒక గంట చాలు.

ముందుగా భాషల పేర్లు రాయకండి. మనుషుల్నీ చోట్లనూ రాయండి. అమ్మ, నానమ్మ, మేనమామ, మెస్‌లో వడ్డించే అన్న, ఆటో, కూరగాయల బండి, క్లాసు, లైబ్రరీ, గుడో మసీదో చర్చో, ఫోన్‌లో చూసే వీడియోలు. దాని కింద మనసులో లెక్క వేసుకునేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, చంటిపిల్లల్ని ఆడించేటప్పుడు అని కూడా రాసుకోండి. ఇవన్నీ అయ్యాకే ఒక్కోదాని పక్కన అక్కడ ఏ భాష నడుస్తుందో రాయండి.

ఈ వరస ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకసారి తన కాగితం మీద రెండు భాషలే రాసింది. క్లాసు అవుతుండగా వాళ్ల అమ్మ ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లి చాలాసేపు నవ్వుతూ మాట్లాడి వచ్చింది. "ఇప్పుడు మాట్లాడిందేంటమ్మా?" అన్నాను. "అది మా లంబాడీ మేడమ్, దానికి పుస్తకాలుండవు కదా, రాయాలా?" అంది. రాయాలి. బడిలో చెప్పనిది, పరీక్ష లేనిది భాష కిందకు రాదని పిల్లలకు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నూరిపోస్తున్నారు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. 2011 జనాభా లెక్కల్లో 32 లక్షల మందికి పైగా లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నారు. అయినా ఆ పట్టికల్లో లంబాడీని విడి భాషగా లెక్కపెట్టలేదు, హిందీ కింద కలిపేశారు. పైగా ఆ లెక్కల్లో మాతృభాష కాక ఇంకో రెండు భాషల వరకే రాసుకుంటారు. మీ కాగితానికి అలాంటి హద్దులేవీ పెట్టకండి. గోండి, కోయ, సవర, ఒడియా, మరాఠీ, ఉర్దూ, ఏది నోట పలికినా చెవికి తెలిసినా వరసలో చేర్చండి.

తర్వాత ఒక్కో భాషకు నాలుగు గళ్లు గీయండి: వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం. మార్కులు వేసుకోవద్దు, వచ్చు, కొంచెం వచ్చు, రాదు, అంతే. అనుమానం వస్తే చిన్న పరీక్ష పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ లేకుండా ఐదు నిమిషాల వీడియో అర్థమైతే వినడం వచ్చినట్టు. బేరం ఆడగలిగితే మాట్లాడటం వచ్చినట్టు. పేపర్లో ఒక వార్త చదివి పక్కవాళ్లకు చెప్పగలిగితే చదవడం వచ్చినట్టు. హాస్టల్ వార్డెన్‌కు సెలవు చీటీ రాయగలిగితే రాయడం వచ్చినట్టు.

గళ్లు నింపుతుంటే ఎవరి చరిత్ర వాళ్లకు కనిపిస్తుంది. మాది ఇచ్ఛాపురం, ఒడిశా సరిహద్దు. ఒడియా వింటూ మాట్లాడుతూ పెరిగాను. చదవడం, రాయడం మాత్రం చాలా ఏళ్లు ఖాళీ గళ్లే. చిత్తూరు నుంచి వచ్చిన పిల్లల్లో కొందరికి తమిళంతో ఇదే పరిస్థితి. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి విశారద పాసైనవాళ్లు వ్యాసం చక్కగా రాస్తారు, ఆటో ఎక్కితే మాట తడబడుతుంది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు ఆ వరస దగ్గర కలం పట్టుకుని కాసేపు ఆగుతారు. ఆగనివ్వండి, నిజం రాస్తే చాలు.

ఇక నేర్చుకోవాల్సిన వాటి సంగతి. నా సలహా ఒక్కటే: కొత్త భాష మొదలుపెట్టే ముందు సగం నిండిన వరసలు చూడండి. హైదరాబాద్‌లో పెరిగి ఉర్దూ ధారాళంగా మాట్లాడుతూ లిపి రానివాళ్లు ఎందరో. ఆ లిపిలో మామూలుగా హ్రస్వ అచ్చులు రాయరు. 'దిల్' అన్న మాటలో ద, ల మాత్రమే ఉంటాయి, 'నమక్'లో న, మ, క. భాష రానివాళ్లకు ఇది పెద్ద చిక్కు. మీకు మాట ముందే తెలుసు కాబట్టి మిగతాది చెవి పూరిస్తుంది. రోజూ నాలుగైదు అక్షరాలు, ఒక్కోటి మాట మొదట్లో, మధ్యలో, చివర ఎలా మారుతుందో రాసి చూసుకోండి. తర్వాత నగరంలో కనిపించే ఉర్దూ బోర్డులు చదవండి. పక్కనే తెలుగులోనూ రాసి ఉంటే సరిచూసుకోవచ్చు. అనంతపురం పిల్లలకు కన్నడ ఇంకా సులువు. గ, ద, న, ర లాంటి అక్షరాలు దాదాపు మనవే.

విదేశీ భాష వద్దని కాదు. ఎందుకో తేల్చుకుని, ఏ గడి నిండాలో చూసుకుని దిగండి. జర్మనీలో ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు ఇంగ్లీషులోనే కోర్సు ఉందని భాషను పక్కన పెట్టేస్తారు. ఇల్లు వెతుక్కోవడం, పార్ట్‌టైమ్ పని, ఆఫీసుల ఉత్తరాలు, వీటి దగ్గర టెన్షన్ మొదలవుతుంది. యూరప్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. "జర్మన్ నేర్చుకుంటా" అనడం కన్నా "వెళ్లేలోపు ఏ2 దాటుతా" అని రాసుకోండి. జపనీస్‌కు ఎన్5 నుంచి ఎన్1 దాకా మెట్లుండే జేఎల్‌పీటీ అనే సర్టిఫికెట్ పరీక్షలో మాట్లాడించడం లేదు, సొంతంగా వాక్యాలు రాయించడమూ లేదు. సర్టిఫికెట్ వచ్చినా ఆ రెండు గళ్లు ఖాళీగానే ఉండొచ్చు. మాట్లాడాలని కోరిక ఉంటే కోచింగ్‌తో పాటు మాట్లాడే జోడీనీ వెతుక్కోండి. ఒక సెమిస్టర్‌లో ఒక్క కొత్త భాష చాలు.

లంబాడీ, కోయ, గోండి లాంటివి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో పని. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు నానమ్మను అడిగి, ఆమె సరేనంటేనే, ఫోన్‌లో ఒక కథ రికార్డు చేయండి. పంట పేర్లు, చుట్టరికాలు, పండగ పాటలు తర్వాత అడగొచ్చు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసి, కింద అర్థం పెట్టండి. గోండికి గుంజాల లిపి ఉంది, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల నుంచి వచ్చింది, 2018లో ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలకు వాడే యూనికోడ్ పట్టికలోనూ చేరింది. గోండి పిల్లలు అదీ నేర్చుకోవచ్చు. ఫైలు పేరులో ఊరు, తేదీ, చెప్పినవారి వయసు పెట్టి, రెండుచోట్ల దాచండి.