సాలిస్‌బరీ కేథడ్రల్‌ను, దాని వసారాలను తీరిగ్గా చూడడం ఎలా

ఇంగ్లండ్ వెళ్ళిన మనవాళ్ళు స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయాన్ని చూసి, దారిలోనే ఉంది కదా అని సాలిస్‌బరీ కేథడ్రల్‌కు అరగంట కేటాయించడం కద్దు. ఆ చర్చికి కనీసం ఒక పూట ఇవ్వాలి. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. దిగాక కేథడ్రల్‌కు నడిచే వెళ్ళవచ్చు. ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి కనుక, మామూలు రోజున మధ్యాహ్నానికి చేరుకుని సాయంత్రం వరకు ఉండేలా చూసుకోండి.

లోపలికి వెళ్ళే ముందు పచ్చిక మీద కాస్త దూరంగా నిలబడి కట్టడాన్నంతా ఒక్కసారి చూడాలి. 1220లో పునాది వేసి, ప్రధాన భాగాన్ని 1258కల్లా, అంటే 38 ఏళ్ళలోనే ముగించారు; అందుకే ఇతర కేథడ్రళ్ళలో లాగా ఒక్కో మూల ఒక్కో కాలపు శైలి కాకుండా అంతా ఒకే చేతి పనిలా కనిపిస్తుంది. 123 మీటర్ల శిఖరం మాత్రం తర్వాత చేర్చింది. బ్రిటన్‌లోని చర్చి శిఖరాలన్నిటిలోకీ ఇదే ఎత్తైనది.

ఆ శిఖరం బరువు ఎంతటిదో లోపల తెలుస్తుంది. చర్చి అడ్డుసాలు, నిలువుసాలు కలిసేచోట నాలుగు పెద్ద స్తంభాలున్నాయి. ఒకదాని మొదట్లో నిలబడి, దాని అంచు వెంబడే నెమ్మదిగా చూపు పైకి తీసుకువెళ్ళండి: రాయి వంగి ఉంటుంది. సుమారు 6,500 టన్నుల అదనపు బరువును శతాబ్దాలుగా మోస్తున్న రాయి అది. చర్చిలోని నల్లని సన్నకంబాలు పర్బెక్ అనే ప్రాంతపు రాతివి. దగ్గరగా చూస్తే అందులో శిలాజాలుగా మారిన చిన్నచిన్న నత్తగుల్లలు కనిపిస్తాయి. నాకు ఈ చర్చిలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ గుల్లలే.

చర్చిలోనే ఉన్న, ముఖఫలకం లేని ఇనుప గడియారం 1386 నాటిదని భావిస్తారు. అది గంటలు కొట్టడానికే తప్ప సమయం చూపడానికి చేసింది కాదు.

తర్వాత చాప్టర్ హౌస్‌కు, అంటే చర్చి పెద్దలు సమావేశమయ్యే మందిరానికి వెళ్ళాలి. రాజు కూడా చట్టానికి లోబడాలని చెప్పిన ఇంగ్లండ్ హక్కుల పత్రం మాగ్నా కార్టా. 1215 నాటి దాని ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగిలాయి. వాటిలో ఒకటి ఇక్కడే ఉంది. ఒకే తోలు పత్రం మీద, మాటలను కుదించి, ఎడం లేకుండా రాసిన లాటిన్ అది. ఫోటో తీయనివ్వరు కాబట్టి ఆ అక్షరాలను కళ్ళతోనే నిదానంగా చూడండి. చూసి వెంటనే తిరిగి రాకుండా గోడల చుట్టూ నడవండి. ఆదాము, నోవహు, యోసేపు, మోషే కథలు రాతిలో వరుసగా సాగుతాయి.

ఇక క్లాయిస్టర్. మన మండువా లోగిళ్ళు చూసినవారికి దీని అమరిక వెంటనే అర్థమవుతుంది: నడుమ ఆకాశం కనిపించే పచ్చిక, నాలుగు వైపులా కప్పున్న వసారా. మఠాల్లో సన్యాసులు చదువుకునేందుకు, నడిచేందుకు ఇలాంటివి కట్టుకునేవారు. సాలిస్‌బరీ మఠం కాకపోయినా 13వ శతాబ్దంలోనే దీన్ని కట్టారు, పైగా బ్రిటన్‌లోని కేథడ్రల్ క్లాయిస్టర్లలో ఇదే పెద్దది. పచ్చికలో ఉన్న రెండు దేవదారు చెట్లను విక్టోరియా రాణి సింహాసనమెక్కిన 1837లో నాటారు. ఒక చుట్టు మౌనంగా నడిచి, రెండో చుట్టులో ఏదైనా ఒక కమాను పక్కన రాతి అరుగు మీద కూర్చోండి. పొద్దు వాలుతుంటే కమానుల నీడలు నేల మీద మెల్లగా జరుగుతాయి. ఫోన్ సంచిలోనే ఉంచి పావుగంట ఉండగలిగితే, ఈ స్థలాన్ని ఎందుకు ఇలా కట్టారో చెప్పవలసిన అవసరమే ఉండదు.

చివరిగా సాయంకాలపు ప్రార్థనకు, అంటే ఈవెన్‌సాంగ్‌కు ఉండండి. దానికి టికెట్ అక్కర్లేదు, ఏ మతంవారైనా కూర్చోవచ్చు. అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. వేళను ముందురోజే కనుక్కుని, పావుగంట ముందుగా వెళ్ళి గాయకబృందానికి దగ్గరగా చోటు అడగండి. ఇంగ్లండ్ కేథడ్రళ్ళలో బాలికలకు ప్రత్యేక గాయకబృందాన్ని మొదట ఏర్పరచింది ఇక్కడే, 1991లో. వారు పాడే రోజు దొరికితే, పాట ఆగాక కూడా ఆ స్వరం పైకప్పు కింద కొన్ని క్షణాలు నిలిచి ఉండడం వినిపిస్తుంది.